ఇంకా పుట్టని పాప

మా జిల్లాలో నెలలు నిండకుండా పిల్లలు పుట్టడం మొన్న శ్రావణమాసం నుంచి రద్దయిపోయింది. ఈ సంగతి మీ ఊళ్ళో తెలిసిందో లేదో గానీ, నాకు మాత్రం అందరికంటే ముందే తెలుసు. ఆ నిర్ణయం తీసుకున్న మీటింగుకి టీలూ గారెలూ అందించింది నేనే మరి. పెద్దాసుపత్రి ఆవరణలో, ఎక్స్‌రే గది వెనకాల ఉన్న క్యాంటీను నాది. నా పేరు గవరయ్య. నా గారెలు బాగుంటాయని నేను చెప్పుకోకూడదు. బాగుండవని ఎవడైనా అంటే మాత్రం ఊరుకోను.

ఆ మీటింగుకి కలెక్టరు గారు వచ్చారు. రాష్ట్రంలో ఏ జిల్లాలో అయితే శ్రావణం నుంచి పుష్యం దాకా ఒక్క బిడ్డ కూడా నెలలు నిండకుండా పుట్టదో, ఆ జిల్లాకి వెండి షీల్డు ఇస్తారట. మా జిల్లాకి షీల్డు రావాలని కలెక్టరు గారికి మహా పట్టుదల. మా సూపరింటెండెంటు వైకుంఠరావు గారికి అంతకంటే పట్టుదల. ఆయన లేచి నిలబడి, గొంతు సవరించుకుని చదివారు.

"మన ఆసుపత్రిలో సంభవిస్తున్న శిశు మరణాలను లోతుగా విశ్లేషించడమైనది. మరణిస్తున్నవారిలో అత్యధికులు నెలలు నిండకుండా జన్మించినవారేనని తేలినది. కావున నెలలు నిండకుండా జన్మించుటను నివారించినచో, మరణములు వాటంతట అవే నివారింపబడును."

"భేష్! మూలాన్నే పట్టుకున్నారు" అన్నారు కలెక్టరు గారు, గారె తుంచుతూ.

చివరి కుర్చీలో కూర్చున్న పిల్లల డాక్టరమ్మ ఝాన్సీ గారు లేచారు. వయసులో చిన్నావిడే. అప్పటికి ఆవిడ మా ఆసుపత్రికి వచ్చి ఏడాది కూడా కాలేదు. అందుకే ప్రశ్నలు అడిగేవారు.

"ఎలా నివారిస్తాం సార్? తల్లులకి ఒంట్లో రక్తం లేదు. కడుపుతో ఉండి జీడిపిక్కలు కొడుతున్నారు, ఇటుకలు మోస్తున్నారు. ముందు వాళ్ళకి తిండి పెట్టాలి, రెస్టు ఇవ్వాలి."

"డాక్టర్ ఝాన్సీ, మీ ఆవేదన అభినందనీయం. కానీ తిండి, ఇటుకలు ఇతర శాఖల పరిధిలోని అంశాలు. మన పరిధిలో ఉన్నది జనన నమోదు" అన్నారు వైకుంఠరావు గారు. "గర్భిణి మొదటిసారి పరీక్షకు వచ్చినప్పుడు మనం ఒక కాన్పు తేదీ ఇస్తున్నాం. అది ప్రభుత్వం ఇచ్చిన తేదీ. దానికి ముందే పుట్టడానికి ఎవరికీ అధికారం లేదు. ఇకపై ఆ తేదీకే జననం."

"అయితే ముందే బయటికొచ్చేసిన బిడ్డ మాటేమిటి సార్?"

వైకుంఠరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన ఏదైనా గొప్ప మాట చెప్పబోయే ముందు అలాగే తుడుచుకుంటారు.

"దాన్ని జననం అనరాదు. ముందస్తు హాజరు అనాలి."

హాలంతా చప్పట్లు. నేనూ ట్రే పక్కన పెట్టి కొట్టాను. చెప్పొద్దూ, మాట బాగుంది. కలెక్టరు గారు ఆ మాటని ఇంకోసారి చెప్పించుకుని విన్నారు.

"మరి హాజరైన బిడ్డని ఎక్కడ పెట్టమంటారు?" అన్నారు ఝాన్సీ గారు.

"మీరు చదువుకున్నవారు. పుట్టని బిడ్డ ఎక్కడుంటుందండీ? తల్లి దగ్గర!"

ఆవిడ కూర్చున్నారు. ఆవిడ గారె అలాగే ప్లేటులో ఉండిపోయింది.

ఇక నెలలు నిండని పిల్లలే లేనప్పుడు, నెలలు నిండని పిల్లల గది ఎందుకు? దాన్ని మూసేశారు. గోడలకి కొత్త రంగు వేసి, మధ్యలో గాజు బీరువా పెట్టి, షీల్డు వస్తే అందులో పెట్టడానికి సిద్ధం చేశారు. ఆ గదిలో ఉండే వార్మర్లు స్టోరుకి తరలించి సీలు వేశారు. వార్మరు అంటే చిన్న మంచం లాంటిది. చుట్టూ అద్దాల గోడలు, పైన వేడినిచ్చే కడ్డీ. ఎంత వేడి కావాలంటే అంత వేడికి తిప్పుకోవచ్చు. సీలు తియ్యండి అని ఎవరైనా అడిగితే, అవసరం ఉన్నట్టు ఒప్పుకున్నట్టే కదా? అందుకని ఎవరూ అడగలేదు. ఝాన్సీ గారు అడిగారనుకోండి. ఆవిడకి మెమో ఇచ్చారు.

స్టోరులో చోటు చాలక ఒక్క వార్మరు మిగిలిపోయింది. అది నా క్యాంటీనుకి వచ్చింది.

"నిరుపయోగ ఆస్తుల సద్వినియోగం, గవరయ్యా" అన్నారు వైకుంఠరావు గారు, దాన్ని స్వయంగా తోయించుకొచ్చి. "పైనుంచి ఎవరొచ్చినా గారెలు చల్లారిపోయాయని ఒకటే గొడవ. ఇకనుంచి ఇందులో పెట్టు."

పెట్టాను. వార్మరు మహా బాగా పనిచేసింది. పొద్దున్న వేసిన గారె మధ్యాహ్నానికి కూడా ఇప్పుడే మూకుట్లోంచి తీసినట్టు ఉండేది. పేషెంట్ల కోసం కాదు, ఆఫీసర్ల కోసం మాత్రమే అని దాని మీద కాగితం అంటించి వెళ్ళారు.

భాద్రపదంలో వానలు పట్టుకున్నాయి. ఆ వానల్లోనే చిలకమ్మ అనే పిల్లకి నొప్పులొచ్చాయి. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పిల్ల, తొలికాన్పు. ఏడో నెల. మగబిడ్డ. ప్రభుత్వం వాడికి కార్తీకంలో తేదీ ఇచ్చింది. వాడు మాత్రం ఆగలేదు.

ముందస్తు హాజరు మొదలైన తర్వాత అదే మొదటి కేసు. అందుకని ఆసుపత్రిలో అందరూ చాలా జాగ్రత్తగా రూలు పాటించారు. చిలకమ్మని బాలింతల వార్డుకి పంపలేదు, గర్భిణుల వార్డులోనే ఉంచారు. ఝాన్సీ గారు ఆక్సిజన్ అడిగితే, బిడ్డ నంబరు ఎంత అన్నారు. నంబరు కావాలంటే బిడ్డ పుట్టాలి. పుట్టాలంటే కార్తీకం రావాలి. ఆవిడ స్టోరు ముందు నిలబడి సీలు విరగ్గొడతానని అరిస్తే, వాచ్‌మన్‌ని కాపలా పెట్టారు. పిల్లవాణ్ణి దూదిలో చుట్టి, తల్లి గుండెల మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పారు. చుట్టూ వాన జల్లు కొట్టే కిటికీలు.

పొద్దున్నకి వాడు పోయాడు.

వైకుంఠరావు గారు రౌండ్సుకి వచ్చి ఆ పిల్లని ఓదార్చారు. ఆయన చెడ్డమనిషేం కాదండీ. గొంతు చాలా మెత్తగా పెట్టి మాట్లాడారట.

"బాధపడకు తల్లీ. జననమే జరగలేదు కనుక మరణం అనే ప్రశ్నే తలెత్తదు. నీకింకా నెలలున్నాయి. ఐరన్ మాత్రలు మానకుండా వేసుకో."

చిలకమ్మ మొగుడు ఒక గుడ్డ సంచి పట్టుకుని, ఆ పిల్లని నడిపించుకుంటూ వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ సంచిలో ఏముందని అడిగాడు. రూలు ప్రకారం అడగాలి.

"ఏటీ నేదు బాబూ" అంది చిలకమ్మ.

ఆటో దొరికేదాకా వాళ్ళిద్దరూ నా క్యాంటీను బయట బల్ల మీద కూర్చున్నారు. నేను టీ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుందంతే, తాగలేదు. టీ మీద మీగడ కట్టేసింది. నేను, ఇంకో టీ ఇవ్వనా అమ్మా అన్నాను. వద్దని తలూపింది.

వాళ్ళు వెళ్ళాక ఝాన్సీ గారు వచ్చారు. ఆవిడ ఎప్పుడూ క్యాంటీనుకి రారు, ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. ఆ రోజు వచ్చి లోపల కుర్చీలో కూలబడ్డారు. తలెత్తి చూస్తే ఎదురుగా వార్మరు. కడ్డీ ఎర్రగా వెలుగుతోంది. కింద గారెలు, వరసగా, పొందిగ్గా. మధ్యాహ్నం జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్‌వో గారు వస్తారని పొద్దున్నే వేసి పెట్టాను.

"గవరయ్య గారూ, ఇది ఎప్పటి నుంచి ఇక్కడుంది?"

"శ్రావణం నుంచీ అండీ. సద్వినియోగం అన్నారు."

ఆవిడ గారెల వంక చాలాసేపు చూశారు. తర్వాత లేచి వెళ్ళిపోయారు.

ఆశ్వయుజంలో, దసరా పందిళ్ళు ఇంకా విప్పలేదు, ఒక ఉదయం ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చారు. తెల్లకోటు ముందు భాగం రెండు చేతులతో గుండెలకి అదిమి పట్టుకున్నారు. వెనకాల సిస్టర్ ఎస్తేరు గారు, భుజం మీద సిలిండరుతో. ఆ సిలిండరు అంబులెన్సులోది. ఎలా తెచ్చారని నేను అడగలేదు.

"గారెలు తియ్యండి" అన్నారు ఝాన్సీ గారు.

"అమ్మా, పదకొండింటికి రివ్యూ మీటింగు..."

"తియ్యండి గవరయ్య గారూ!"

తీశాను. తొందరలో రెండు గారెలు కిందపడ్డాయి కూడా. వార్మరుని వెనక గదిలోకి తోశాం. అక్కడున్న నూనె డబ్బాలు, మినప్పప్పు బస్తా బయటికి ఈడ్చాం. ఎస్తేరు గారు స్పిరిటుతో అద్దాలు, పరుపు, గోడలు, ఆఖరికి నా మోచేతుల దాకా తుడిచారు. అప్పుడు డాక్టరమ్మ కోటు తెరిచి, లోపలున్నదాన్ని కడ్డీ కింద పడుకోబెట్టారు.

ఆడపిల్ల. ఏడో నెల నిండలేదు. ఓలమ్మో, అంత చిన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. అరికాలు నా బొటనవేలి గోరంత. చర్మం లోంచి నరాలు కనబడుతున్నాయి. ఊపిరి తీసుకుంటూ తీసుకుంటూ మర్చిపోయేది. అప్పుడు ఎస్తేరు గారు అరికాలు మీద వేలితో చిన్నగా మీటేవారు. మళ్ళీ గుర్తొచ్చి తీసుకునేది.

దాని తల్లి పేరు పైడితల్లి. ఇటుకల బట్టీలో పని. ఆ పిల్లకి అత్త అప్పాయమ్మ తోడొచ్చింది. మొదటిరోజే చీపురు పుచ్చుకుని వెనక గది గుమ్మంలో కూర్చుంది. ఈగ వాలనిచ్చేది కాదు, నన్ను కూడా రానిచ్చేది కాదు.

"ఎవుడివిరా నువ్వు? కాళ్ళు కడిగీసేవా?"

"నా క్యాంటీనే అప్పా ఇది!"

"అయితే ఏటి? కాళ్ళు కడుగు."

పైడితల్లి రోజూ వచ్చి పాలు పిండి ఇచ్చేది. వాటిని సన్నటి గొట్టంతో పిల్ల కడుపులోకి పంపేవారు. ఆక్సిజన్ తీసేశాక పిల్లని పైడితల్లి జాకెట్టు లోపల, గుండెలకి ఆన్చి కాసేపు కట్టేవారు. అదీ మందేనట. మిగతా సేపంతా వార్మరులోనే. నేను బయట పప్పు రుబ్బుకుంటూ, లోపల నుంచి చప్పుడు రాకపోతే రుబ్బడం ఆపేసేవాణ్ణి. చిన్న మూలుగు వినబడితే మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. పప్పు ఎప్పుడూ బరకగానే దిగేది.

ఇంత జరిగినా వైకుంఠరావు గారికి తెలిసింది పిల్ల గురించి కాదు. గారెల గురించి. తర్వాతి రివ్యూ మీటింగులో కూడా గారెలు చల్లారిపోయి ఉన్నాయని కలెక్టరు గారు ముఖం చిట్లించారట. ఆయన మండిపడుతూ వచ్చి, వెనక గది తలుపు తోసి, చూసి, ఆగిపోయారు.

"ఇదేమిటి? ఆహార పదార్థాలకు కేటాయించిన పరికరంలో..."

"సార్, పుట్టని బిడ్డ ఉండేది తల్లి దగ్గరే. మీరే చెప్పారు" అన్నారు ఝాన్సీ గారు, తల తిప్పకుండా.

"అవును."

"తల్లి గర్భిణి."

"రికార్డు ప్రకారం, నిస్సందేహంగా."

"గర్భిణి క్యాంటీనులో కూర్చోకూడదని రూలుందా సార్?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. ప్రతి గర్భిణికీ క్యాంటీన్ సౌకర్యం వినియోగించుకునే హక్కు కలదని, తాను మాత్రం ఇటువైపు రాలేదని చెప్పి వెళ్ళిపోయారు.

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కార్తీకంలో షీల్డు కమిటీ వస్తోందని కబురొచ్చింది. కమిటీ చూడవలసిన వాటిలో నా క్యాంటీను కూడా ఉంది. నిరుపయోగ ఆస్తుల సద్వినియోగానికి విడిగా మార్కులున్నాయట. వైకుంఠరావు గారు నన్ను గదికి పిలిచారు. ఝాన్సీ గారు కూడా ఉన్నారు.

"కమిటీ వచ్చే సమయానికి వార్మరు ముందు హాల్లో ఉండాలి. అందులో వేడివేడి గారెలు ఉండాలి. ఒక గంటసేపే. ఆ... హాజరును తల్లి దగ్గర ఉంచండి."

"సార్, చలి చంపేస్తోంది. అది ఇంకా కిలోన్నర దాటలేదు. తల్లి ఒంటి మీద కాసేపు ఓర్చుకుంటోంది గానీ గంటసేపు ఆ వెలుగు లేకపోతే ఒళ్ళు చల్లబడి ఊపిరి ఆపేస్తుంది" అన్నారు ఝాన్సీ గారు. "ఒకసారి చూశాం కదా సార్."

"చూడలేదు. జననమే జరగని చోట ఏమీ చూడలేదు." ఆయన నా వైపు తిరిగారు. "గవరయ్యా, వార్మరులో గారెలు కనబడకపోతే నీ కాంట్రాక్టు రద్దు. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. నాకు భయం వేసింది. లేదని అబద్ధం ఎందుకు? ఇద్దరు కూతుళ్ళు నాకు, ఈ క్యాంటీను తప్ప ఇంకో ఆధారం లేదు. అప్పాయమ్మకి సంగతి చెబితే తిట్టలేదు, అదే నాకు కష్టమైపోయింది. చీపురు పక్కన పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"నీ గారెలు ఒక్కపూట సల్లారితే ఏటవుతాది బాబూ?" అంది.

కమిటీ వచ్చిన రోజు కార్తీక సోమవారం. అధ్యక్షుడు గారికి ఉల్లి పనికిరాదన్నారు, అల్లం గారెలు వేశాను. ముందు హాల్లో వెదురు బుట్టలో పెట్టి, పైన అరిటాకు కప్పాను. వార్మరు వెనక గదిలోంచి అంగుళం కదపలేదు.

వైకుంఠరావు గారు హాలంతా చూశారు. నా వైపు చూశారు. ఆయన మొహంలో రక్తం లేదు. కానీ అధ్యక్షుడు గారు అప్పటికే "ఏదీ ఆ యంత్రం?" అంటూ వెనక గదిలోకి నడిచేశారు. అప్పాయమ్మ గుమ్మంలో లేచి నిలబడింది.

"కాళ్ళు కడుక్కున్నారా బాబూ?"

ఆయన జోళ్ళు విప్పి కాళ్ళు కడుక్కుని మరీ వెళ్ళారు. కార్తీకమాసం కదా, ఏ గుమ్మంలో ఎవరు కాళ్ళు కడుక్కోమన్నా కడుక్కుంటారు. లోపల కడ్డీ వెలుగులో పిల్ల కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. ఎస్తేరు గారు అల్లిన పసుపుపచ్చ టోపీ కళ్ళ మీదికి జారింది. అధ్యక్షుడు గారు వంగి చూశారు. అక్కడ ఎవరూ ఊపిరి తీసుకోలేదు, ఆ పిల్ల తప్ప.

"ఇది... ఏమిటి?"

"ముందస్తు హాజరు సార్" అన్నారు వైకుంఠరావు గారు.

"పుట్టిందా?"

"లేదు సార్. మార్గశిరంలో పుడుతుంది."

అధ్యక్షుడు గారు నిటారుగా నిలబడ్డారు. "రూఢిగా?"

"తేదీ ఇచ్చాం సార్."

"అయితే సరే" అన్నారాయన. సరిగ్గా అప్పుడే పిల్ల ఏడ్చింది. అంతకు ముందెప్పుడూ అది అలా ఏడవలేదు. ఎప్పుడూ మూలిగేదే గానీ, గొంతెత్తి ఏడవడం అదే మొదలు. ఝాన్సీ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పుట్టని బిడ్డ ఏడవవచ్చునా?" అన్నారు అధ్యక్షుడు గారు అనుమానంగా.

"సాధన చేస్తోంది సార్" అన్నారు వైకుంఠరావు గారు.

ఆయన పైడితల్లి వైపు తిరిగారు. "ఎన్నో నెల తల్లీ?"

పైడితల్లికి ఎస్తేరు గారు ముందే నేర్పారు. "ఎనిమిదో నెల బాబూ."

"మరి కడుపు కనబడదేం?"

ఆ పిల్ల బెదిరిపోయి అత్త వైపు చూసింది. అప్పాయమ్మ చీపురుతో వార్మరు వైపు చూపించింది. "అదిగో బాబూ కడుపు. ఏడస్తన్నాది, ఇనపడ్డంలేదేటి?"

అధ్యక్షుడు గారు దీనికి ఎంతో సంతోషించారు. ఒక గర్భిణికి, ఆమె గర్భానికి విడివిడిగా పరీక్షలు జరుగుతున్న ఆసుపత్రిని తాను ఎక్కడా చూడలేదని అన్నారు. తర్వాత గారె తిన్నారు. చల్లారిపోయిందన్నారు. సద్వినియోగం కింద మార్కులు తగ్గించారు. మిగతా అన్నింటికీ నిండుగా వేశారు. నా కాంట్రాక్టు మాత్రం పోలేదు. రద్దు చేయాలంటే కారణం రాయాలి, కారణం రాయాలంటే వార్మరులో ఏముందో రాయాలి.

పిల్ల ఏడుస్తూనే ఉంది. రోజూ ఏడ్చేది, పాలు తాగేది, మళ్ళీ ఏడ్చేది. ఆ ఏడుపుకి నా రుబ్బురోలు చప్పుడు వినబడేది కాదు. పప్పు మెత్తగా దిగసాగింది. కొన్నాళ్ళకి వార్మరు అక్కరలేదు, ఇంటికి తీసుకుపోవచ్చు అన్నారు ఝాన్సీ గారు. వైకుంఠరావు గారు ఒప్పుకోలేదు. పుట్టకుండా డిశ్చార్జి ఎలా చేస్తారు? అందుకని ఆ పిల్ల మార్గశిరం దాకా ఆసుపత్రిలోనే ఉండి, బుగ్గలు పెంచుకుని, ఎస్తేరు గారిని చూస్తే నవ్వడం నేర్చుకుని, అప్పుడు పుట్టింది.

పుట్టడం మాత్రం ఘనంగా జరిగింది. పైడితల్లిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి కాన్పుల గదికి తీసుకెళ్ళారు. ఎస్తేరు గారు పిల్లని దుప్పటి కింద పెట్టుకుని వెనకే వెళ్ళారు. తలుపు వేశారు. వైకుంఠరావు గారు గడియారం చూసుకున్నారు. తలుపు తీశారు. "ఆరోగ్యవంతమైన ఆడశిశువు! సహజ కాన్పు!" అని అరిచారు. ఫోటోగ్రాఫరు ఫోటో తీశాడు. పుట్టిన పిల్ల ఫ్లాషు వైపు చూసి బోసినోటితో నవ్వింది. ప్రభుత్వం ఇచ్చిన నవజాత శిశువు చొక్కా దానికి భుజాల దగ్గరే ఆగిపోయింది. తల్లి కాన్పు తర్వాత లేచి తనే నడుచుకుంటూ వచ్చి నా దగ్గర టీ తాగింది. ఆ రోజు నేను ఎవరి దగ్గరా టీకి డబ్బులు తీసుకోలేదు.

పుష్యమాసంలో షీల్డు వచ్చింది. ఆసుపత్రి ముందు షామియానా వేశారు. ఆ ఏడాది తేదీలున్న తల్లులందరినీ ఆశా కార్యకర్తలు ఆటోల్లో తీసుకొచ్చి కూర్చోబెట్టారు, ఒక్కొక్కరికీ సన్మానమని. వేదిక మీద పెద్దలకి గారెలు వేడిగా ఉండాలి కాబట్టి, వార్మరు మళ్ళీ నా ముందు హాల్లోకి వచ్చింది.

కలెక్టరు గారు మాట్లాడారు. శ్రావణం నుంచి మన ఆసుపత్రిలో నెలలు నిండని కాన్పు ఒక్కటి కూడా లేదన్నారు. నెలలు నిండని శిశువు ఒక్కటి కూడా మరణించలేదన్నారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. తల్లుల పేర్లు పిలవడం మొదలుపెట్టారు. పైడితల్లి వెళ్ళి శాలువా కప్పించుకుంది, దాని చంకలో పిల్ల మైకు తీగ అందుకోబోయింది. అందరూ నవ్వారు.

"చిలకమ్మ!"

నేను గారె తిప్పుతున్నవాణ్ణి ఆగిపోయాను. వైకుంఠరావు గారు మైకు అందుకున్నారు. ఆయన గొంతులో నిజమైన ఆందోళన.

"చిలకమ్మా, నీకు కార్తీకంలో తేదీ ఇచ్చాం. ఇప్పటికీ కాన్పు నమోదు కాలేదు. నెలలు మించిపోవడం కూడా ప్రమాదమే. దీనిపై వచ్చే ఏడాది ప్రత్యేక కార్యక్రమం చేపట్టబోతున్నాం. దయచేసి వేదిక వద్దకు రావలెను."

జనంలోంచి ఒక పిల్ల లేచింది. వేదిక వైపు వెళ్ళలేదు. కుర్చీల మధ్య నుంచి తప్పుకుని నేరుగా నా క్యాంటీనుకి వచ్చింది. అప్పటికంటే చిక్కిపోయింది. చేతిలో ఐరన్ మాత్రల పొట్లం ఉంది, ఆశా కార్యకర్త ఆ ఉదయమే ఇచ్చినట్టుంది. వచ్చి వార్మరు ముందు నిలబడింది.

"పైడితల్లి సెప్పింది. ఇదేనా, బాబూ?"

"ఇదేనమ్మా."

"నాను వొచ్చిన్నాడు కూడా ఇక్కడే ఉందా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. స్టోరులో ఉండేదనో, పాడైపోయి ఉండేదనో. నోరు రాలేదు.

"ఉందమ్మా."

"ఎలుగుతుండీదా?"

"వెలుగుతుండేది."

ఆ పిల్ల అద్దం లోపలికి చూసింది. గారెలు వరసగా ఉన్నాయి. ఏ ప్రశ్న అడుగుతుందో నాకు తెలుసు. అడగొద్దు తల్లీ, అడగొద్దు అనుకుంటున్నాను. అడగలేదు. కుడిచేయి అద్దం మీదుగా లోపలికి పెట్టి, కడ్డీ కింద అరచెయ్యి తిప్పి ఉంచింది. కాసేపు అలాగే ఉంచింది.

"ఎచ్చగానే ఉన్నాదే" అంది.

బయట మైకులో ఇంకా పిలుస్తూనే ఉన్నారు. చిలకమ్మ ఎక్కడున్నా వెంటనే వేదిక దగ్గరికి రావాలని, కాన్పు ఆలస్యం అవుతోందని. ఈలోగా ఒక అటెండరు వచ్చి గారెలు అడిగాడు. చల్లారిపోయాయని చెప్పమన్నాను.